తెలుగు చిరునామాకి మెయిల్ పంపితే ఎందుకు వెనక్కొస్తుంది?

ఈ ఎపిసోడ్‌లో మనం మెయిల్ సర్వర్ గురించి మాట్లాడుకుందాం. జర ఆగండి, వీడియో మార్చేయకండి. ఇది సెట్టింగ్స్ చూపించే ట్యుటోరియల్ కాదు, ఇదొక చరిత్ర. మన తెలుగు అక్షరం మెయిల్ సర్వర్ల గుండా ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లడానికి ఎన్నేళ్లు పట్టింది, ఎక్కడెక్కడ ఆగింది, ఎవరు దారి చేశారు, ఇప్పటికీ ఏ గేటు దగ్గర నిలబడి ఉంది అనే కథ.

ముందు ఒక చిన్న ప్రశ్న. ఒక కవరు మీద పేరు, వీధి, "మట్టెవాడ, వరంగల్" అని పూర్తిగా తెలుగులో రాసి, పిన్‌కోడ్ వేసి, పోస్టు డబ్బాలో వేశారనుకోండి. చేరుతుందా? చేరుతుంది. మన దగ్గర ఇది కొత్త సంగతి కూడా కాదు. నిజాం కాలంలో హైదరాబాద్ సంస్థానానికి సొంత పోస్టు ఉండేది, సొంత స్టాంపులు ఉండేవి. ఆ స్టాంపుల మీద విలువ ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు మరాఠీ, తెలుగులో కూడా వేసేవాళ్లు. 1950 ఏప్రిల్ 1న ఆ పోస్టు ఇండియా పోస్టులో కలిసిపోయింది. అంటే రాజభాష ఉర్దూ అయిన రోజుల్లో కూడా ఉత్తరం మీద తెలుగుకి కాస్త చోటు దొరికింది.

ఇప్పుడు ఇదే ప్రశ్న ఈమెయిల్‌కి వేద్దాం. మట్టెవాడకి దగ్గర్లోనే కొత్తవాడ ఉంది కదా, అక్కడ నేసే వరంగల్ దరీలకి 2018లో జీఐ గుర్తింపు వచ్చింది. ఒక దరీల షాపు ఓనర్ తన వ్యాపారానికి ఈమెయిల్ పెట్టుకోవాలనుకున్నాడు అనుకుందాం. యాట్ గుర్తుకి ముందు "దరీలు" అని, తర్వాత షాపు పేరు, చివర డాట్‌కామ్ బదులు ".భారత్". మొత్తం తెలుగులోనే. ఇలాంటి చిరునామా చెల్లుతుందా? చెల్లుతుంది. ఊరికే చెప్పడం కాదు, ఇంటర్నెట్ ప్రమాణాల్లో 2012 నుంచి ఉంది. మరి ఏదో ఊరి నుంచి ఒక కొనుగోలుదారు ఆఫీసు ఆ అడ్రస్‌కి ఆర్డర్ పంపితే? చాలాసార్లు మెయిల్ వెనక్కొస్తుంది. బౌన్స్.

తప్పు ఎవరిది? షాపు ఓనర్‌దా? తెలుగుదా? దీనికి జవాబు కావాలంటే 1982కి వెళ్లాలి.

ఏడు బిట్ల గేటు

1971లో రే టామ్లిన్సన్ అనే ఇంజనీర్ రెండు కంప్యూటర్ల మధ్య మొదటి మెయిల్ పంపాడు, యాట్ గుర్తు పెట్టింది ఆయనే. పదకొండేళ్ల తర్వాత, 1982 ఆగస్టులో, జాన్ పోస్టెల్ ఒక పత్రం రాశాడు. దాని పేరు ఆర్‌ఎఫ్‌సీ 821. ఒక మెయిల్ సర్వర్ ఇంకో సర్వర్‌తో ఎలా మాట్లాడాలి అనేది అందులో ఉంది. దాన్నే ఎస్‌ఎంటీపీ అంటాం. మీ ఫోన్‌లో జీమెయిల్ అయినా, కంపెనీ మెయిల్ అయినా, సర్వర్ నుంచి సర్వర్‌కి వెళ్లేటప్పుడు ఈ రోజుకీ ఆ భాషే మాట్లాడుతుంది.

ఆ మాటలు చాలా సింపుల్. పంపే సర్వర్ "హలో, నేను ఫలానా" అంటుంది. "ఫలానా వాళ్ల నుంచి మెయిల్" అంటుంది. "ఫలానా వాళ్లకి" అంటుంది. అవతలి సర్వర్ ప్రతిదానికీ మూడంకెల నంబర్‌తో జవాబిస్తుంది. 250 అంటే సరే. 4తో మొదలైతే "ఇప్పుడు కాదు, కాసేపాగి రా". 5తో మొదలైతే "కుదరదు, మళ్లీ రాకు".

ఇందులో ఒక గొప్ప నియమం ఉంది. మొత్తం మెయిల్ అందుకున్నాక సర్వర్ 250 అని చెప్పిందంటే, ఆ క్షణం నుంచి ఆ మెయిల్ బాధ్యత దానిది. ముందుకు చేర్చాలి, లేదంటే చేరలేదని పంపినవాళ్లకి చెప్పాలి. గప్‌చుప్‌గా పారేయకూడదు. నేను జాబ్ చేసే రోజుల్లో మెయిల్ టీమ్‌లో ఒక సీనియర్ అన్న ఉండేవాడు. ఎవరైనా వచ్చి "మెయిల్ పోయింది అన్నా" అంటే ఆయన అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "చివరిసారి 250 ఎవరు చెప్పారు?" అక్కడి నుంచి లాగ్ తీస్తే సగం పని అయిపోయినట్టే.

సరే, మరి సమస్య ఎక్కడ? ఆర్‌ఎఫ్‌సీ 821లో అక్షరాలంటే యాస్కీ మాత్రమే. యాస్కీ 1963లో వచ్చిన అమెరికన్ ప్రమాణం. ఏడు బిట్లు, మొత్తం 128 గుర్తులు. ఇంగ్లీషు అక్షరాలు పెద్దవి, చిన్నవి, అంకెలు, కొన్ని గుర్తులు. అంతే. కంప్యూటర్ బైట్‌లో ఎనిమిది బిట్లు ఉంటాయి కానీ ఎనిమిదోది మెయిల్‌లో సున్నాగానే ఉండాలి. కొన్ని పాత సర్వర్లయితే ఎనిమిదో బిట్‌లో ఏమున్నా చెరిపేసి పంపేవి.

దీని వల్ల తెలుగుకి ఏమవుతుందో చూడండి. ఈ రోజు మనం వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో "మ" అక్షరం మూడు బైట్లు. ప్రతి బైట్‌లో ఎనిమిదో బిట్ ఒకటి. అది చెరిపేస్తే మిగిలేది ఏంటో లెక్క వేశాను: ఒక వెనక్కి వాలిన కోట్ గుర్తు, ఒక సున్నా, ఒక చుక్క. మీరు "మ" పంపితే అవతల సున్నా చుక్క వస్తుంది. ఎవరికి అర్థమవుతుంది చెప్పండి?

ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు

ఇండియాలో నెట్‌వర్క్ కథ 1986లో ఎర్నెట్‌తో మొదలైంది. బొంబాయిలో ఎన్‌సీఎస్‌టీ, బెంగళూరులో ఐఐఎస్‌సీ, ఐదు ఐఐటీలు, ఢిల్లీలో ఎలక్ట్రానిక్స్ శాఖ. ఎనిమిది సంస్థలు. మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వీఎస్‌ఎన్‌ఎల్ ద్వారా. కానీ అప్పటికే అమెరికా యూనివర్సిటీల్లో చదివే తెలుగువాళ్ల చేతిలో ఈమెయిల్ ఉంది. యూజ్‌నెట్‌లో తెలుగువాళ్లకి సొంత చర్చావేదిక కూడా ఉండేది, పొట్టిగా "స్కిట్" అనేవాళ్లు. పద్యాలు, సినిమాలు, గొడవలు, అన్నీ అక్కడే.

కానీ తెలుగులో రాయడం ఎలా? మధ్యలో ఉన్న సర్వర్ అడ్మిన్ ఎవరో తెలియదు. అతని సర్వర్ ఎనిమిదో బిట్ చెరిపేస్తుందో లేదో తెలియదు. దానికి వాళ్లు కనిపెట్టిన ఉపాయం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. సర్వర్‌ని మార్చలేం కాబట్టి, ఏ సర్వర్ అయినా ఆపలేని తెలుగు రాద్దాం అనుకున్నారు.

టెక్సస్ రాష్ట్రం హ్యూస్టన్‌లో రైస్ యూనివర్సిటీ ఉంది. అక్కడ కన్నెగంటి రామారావు గారు, ఆనంద కిషోర్ గారు కలిసి ఒక లిప్యంతరీకరణ పద్ధతి తయారు చేశారు. పేరు ఆర్‌టీఎస్. రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్. అందులో కిటుకు ఏంటంటే పెద్దబడి, చిన్నబడి అక్షరాలని వేరువేరుగా వాడుకోవడం. చిన్న టీ కొడితే "త", పెద్ద టీ కొడితే "ట". చిన్న డీ "ద", పెద్ద డీ "డ". చిన్న ఎన్ "న", పెద్ద ఎన్ "ణ". "మట్టెవాడ" అని రాయాలంటే ఎమ్, ఏ, పెద్ద టీ రెండుసార్లు, ఈ, వీ, ఏ రెండుసార్లు, పెద్ద డీ, ఏ. మొత్తం పది కీలు. పదీ యాస్కీనే. ఏ సర్వర్‌కీ ఇది తెలుగు అని తెలియదు, ఇంగ్లీషే అనుకుని వదిలేస్తుంది. చదివేవాళ్లు అలాగే చదువుకోవచ్చు, లేదా ప్రోగ్రామ్‌లో వేసి తెలుగు లిపిలోకి మార్చుకోవచ్చు.

మీరు వాట్సాప్‌లో "ఎలా ఉన్నావ్" అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడతారు కదా, దానికి పద్ధతిగా ఉండే అన్నయ్య ఆర్‌టీఎస్. తేడా ఏంటంటే మనం కొట్టేది ఎలా చదవాలో ఊహించుకోవాలి, ఆర్‌టీఎస్‌లో ఊహించాల్సిన అవసరం లేదు. 2006లో వీవెన్ గారు తయారు చేసిన "లేఖిని"లో కూడా ఇదే పద్ధతి నడిచింది. ఇంగ్లీషు కీలు కొడితే పక్కనే తెలుగు వచ్చేది. తెలుగు బ్లాగుల తరం మొత్తం దాని మీదే రాసింది. అంటే ఏడు బిట్ల సర్వర్‌ని దాటడానికి పుట్టిన ఉపాయం, ఆ సర్వర్ల అవసరం తీరిపోయాక కూడా మన వేళ్లలో మిగిలిపోయింది.

సంచిలో పెట్టి పంపడం

1992 మార్చి 11న నథానియల్ బోరెన్‌స్టీన్ అనే ఆయన ఒక మెయిల్‌కి ఫోటో, పాట జత చేసి పంపాడు. ఆయన పాడే బృందం ఫోటో, వాళ్ల పాట. అదే మొదటి అటాచ్‌మెంట్‌గా చెప్పుకుంటారు. ఆయన, నెడ్ ఫ్రీడ్ కలిసి రాసిన ప్రమాణం పేరు మైమ్. అదే ఏడాది జూన్‌లో బయటికొచ్చింది.

మైమ్ చేసిన పని ఏంటి? సర్వర్లని మార్చమని అడగలేదు. ఏ భాష అయినా, ఏ ఫోటో అయినా, ముందు యాస్కీ అక్షరాల సంచిలో కట్టేయి, సంచి మీద "లోపల ఫలానా సరుకు ఉంది, ఫలానా విధంగా విప్పు" అని చీటీ పెట్టు అంది. సంచి కట్టే ఒక పద్ధతి బేస్64. మూడు బైట్లని నాలుగు యాస్కీ గుర్తులుగా మారుస్తుంది.

మన పేరుతోనే లెక్క వేద్దాం. "మట్టెవాడ"ని కంటితో చూస్తే నాలుగు అక్షరాలు: మ, ట్టె, వా, డ. యూనికోడ్‌లో అది ఎనిమిది కోడ్లు, ఎందుకంటే ఒత్తు, ఎత్వం, దీర్ఘం అన్నీ విడివిడిగా లెక్క. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ మూడు బైట్లు, కాబట్టి 24 బైట్లు. బేస్64 సంచిలో 32 గుర్తులు. నాలుగు అక్షరాలు ముప్పై రెండు అయ్యాయి. బరువు పెరిగింది కానీ చెక్కుచెదరకుండా చేరింది.

సబ్జెక్ట్ లైన్‌కి ఇంకో ఇబ్బంది ఉంది. అక్కడ ఒక్కో సంచి 75 గుర్తులు దాటకూడదు. చీటీకి 12 పోతాయి. మిగిలిన దాంట్లో లెక్క కడితే పదిహేను తెలుగు కోడ్లకి మించి పట్టవు. కాబట్టి కాస్త పొడుగు తెలుగు సబ్జెక్ట్ అంటే రెండు మూడు సంచులు. సరిగ్గా రాయని ప్రోగ్రామ్ ఒక అక్షరం మూడు బైట్లలో రెండు ఈ సంచిలో, ఒకటి ఆ సంచిలో వేస్తుంది. అప్పుడు సబ్జెక్ట్ మధ్యలో ఒక అక్షరం పగిలి కనిపిస్తుంది. ఎప్పుడైనా చూసి ఉంటే, కారణం అదే.

అయితే మైమ్ వచ్చింది కదా, 1992లోనే తెలుగు సమస్య తీరిపోయిందా? లేదు. సంచి ఉంది, కానీ లోపల పెట్టే సరుకు మీద మనవాళ్లకి ఒప్పందం లేదు. యూనికోడ్ మొదటి వెర్షన్‌లోనే, 1991లో, తెలుగుకి చోటు ఉంది. కానీ కంప్యూటర్లలో అది కనిపించడానికి విండోస్ ఎక్స్‌పీ దాకా, అంటే 2001 దాకా ఆగాల్సి వచ్చింది. ఈలోపు ఒక్కో పేపర్, ఒక్కో డీటీపీ సాఫ్ట్‌వేర్ తన ఫాంట్ తాను చేసుకుంది. ఒకరి ఫాంట్‌లో "క" ఉన్న చోట ఇంకొకరి ఫాంట్‌లో ఇంకేదో. వరంగల్‌లో టైప్ చేసిన పెళ్లి కార్డు హైదరాబాద్ ప్రెస్‌కి మెయిల్ చేస్తే, అక్కడ అదే ఫాంట్ లేకపోతే గజిబిజి. అందుకే అందరూ ఫోటోగానో పీడీఎఫ్‌గానో పంపడం అలవాటు చేసుకున్నారు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు. ఈ పరిస్థితి మారడంలో ఉచితంగా ఇచ్చిన యూనికోడ్ ఫాంట్ల పాత్ర పెద్దది. దేశికాచారి గారు చేసిన పోతన2000, వేమన2000 అందులో ముఖ్యమైనవి. మన బమ్మెర పోతన పేరుతో ఫాంట్ ఉండటం మన జిల్లావాళ్లకి ఇంకాస్త సంతోషం.

నాలుగు లక్షణాలు, నాలుగు రోగాలు

ఇక్కడ కొంచెం ప్రాక్టికల్ విషయం. ఎక్కడైనా చిన్న కంపెనీ మెయిల్ సర్వర్ చూసుకునే పని మీ మీద పడితే, "తెలుగు మెయిల్ ఖరాబైంది" అని కంప్లయింట్ వస్తే, ముందు స్క్రీన్‌షాట్ అడగండి. గజిబిజిలో నాలుగు రకాలున్నాయి.

ఒకటి, అన్నీ ఖాళీ డబ్బాలు కనిపిస్తున్నాయి. అక్షరాలు క్షేమం. చూసేవాళ్ల ఫోన్‌లో లేదా కంప్యూటర్‌లో ఫాంట్ లేదు. సర్వర్‌ని ముట్టుకోవద్దు.

రెండు, డిగ్రీ గుర్తు (°), ప్లస్-మైనస్ గుర్తు (±) మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి, పక్కన తల మీద గీత ఉన్న ఏ అక్షరం. ఇది తెలుగుకి వేలిముద్ర లాంటిది. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరం మొదటి రెండు బైట్లు దాదాపు ఎప్పుడూ అవే. వాటిని యూరప్ అక్షరాలుగా చదివితే ఈ గుర్తులొస్తాయి. అక్షరాలు క్షేమమే, సంచి మీద చీటీ తప్పు. పంపే ప్రోగ్రామ్‌లో క్యారెక్టర్ సెట్ సరిచేస్తే చాలు.

మూడు, ఈక్వల్ గుర్తు తర్వాత ఈ సున్నా, మళ్లీ ఈక్వల్ గుర్తు తర్వాత బీ సున్నా, ఇలా వరసగా. సంచి విప్పకుండానే చూపిస్తున్నారు. మధ్యలో ఏదో గేట్‌వే, ఎక్కువగా మెయిల్ కింద కంపెనీ నోటీసు అతికించే సాఫ్ట్‌వేర్ లాంటిది, చీటీని చెడగొట్టి ఉంటుంది.

నాలుగు, అన్నీ ప్రశ్నార్థకాలు. ఇది మాత్రం బాధాకరం. ఎవరో తెలుగుని యాస్కీలోకి బలవంతంగా మార్చారు, అక్షరాలు పోయాయి. ఏ సర్వర్ సెట్టింగూ వాటిని వెనక్కి తేలేదు. పంపినవాళ్లని మళ్లీ పంపమనడమే. కారణం కూడా చాలాసార్లు మెయిల్ సర్వర్‌లో ఉండదు, దాని ముందున్న డేటాబేస్‌లోనో వెబ్ ఫామ్‌లోనో ఉంటుంది.

కవరు మీది రాత

సరే, మెయిల్ లోపలి తెలుగు సంగతి తేలింది. ఇప్పుడు మన దరీల షాపు దగ్గరికి మళ్లీ వద్దాం. దాని సమస్య ఉత్తరం లోపల కాదు, కవరు మీద.

చిరునామాలో యాట్ గుర్తు తర్వాత వచ్చేది డొమైన్. దాన్ని తెలుగులో పెట్టుకునే దారి 2003లోనే దొరికింది. ప్యూనీకోడ్ అనే పద్ధతిలో తెలుగు పేరుని యాస్కీ వేషం వేసి పంపొచ్చు. 2011లో ".భారత్" తెలుగు లిపిలో ఇంటర్నెట్ మూలపట్టికలో చేరింది. హిందీ, తమిళం, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూలతో పాటు మనదీ.

మరి యాట్ ముందున్న పేరుకి కూడా అదే వేషం వేయొచ్చు కదా? ఇక్కడే ట్విస్ట్. ఎస్‌ఎంటీపీలో మొదటి నుంచీ ఒక నియమం ఉంది. యాట్ ముందున్న పేరుకి అర్థం చెప్పే హక్కు ఆ డొమైన్ సొంత సర్వర్‌కి మాత్రమే. మధ్యలో ఉన్న సర్వర్ దాన్ని మార్చకూడదు. పోస్టు భాషలో చెప్పాలంటే, మధ్య ఊళ్ల పోస్టాఫీసు ఊరి పేరు వరకే చూడాలి. ఇంటి పేరు మట్టెవాడ పోస్ట్‌మ్యాన్‌కే తెలుస్తుంది. మంచి నియమమే, కానీ దాని వల్ల వేషం వేసే దారి మూసుకుపోయింది.

మొదట ఒక ప్రయోగం చేశారు. తెలుగు లాంటి చిరునామాతో పాటు ఒక యాస్కీ చిరునామా కూడా మోసుకెళ్లి, మధ్యలో పాత సర్వర్ తగిలితే దానికి మారిపోవడం. మరీ చిక్కుగా తయారైంది, వదిలేశారు. 2012 ఫిబ్రవరిలో తుది పద్ధతి వచ్చింది, ఆర్‌ఎఫ్‌సీ 6530 నుంచి మొదలయ్యే వరస. పాత సర్వర్లు "హలో" అనేవి కదా, 1993 నుంచి కొత్త సర్వర్లు "ఈహలో" అంటాయి. దానికి అవతలి సర్వర్ తనకి వచ్చిన విద్యల జాబితా చదువుతుంది. ఆ జాబితాలోకి కొత్తగా ఒక మాట చేరింది: ఎస్‌ఎంటీపీ-యూటీఎఫ్8. ఈ మాట చెప్పిన సర్వర్‌కే తెలుగు చిరునామా ఉన్న మెయిల్ ఇవ్వాలి. చెప్పకపోతే ఇవ్వకూడదు, పంపినవాళ్లకి వెనక్కి తిప్పేయాలి. బౌన్స్‌లో 5.6.7 అనే కోడ్ కనిపిస్తే దాని అర్థం ఇదే.

ఇప్పుడు అర్థమైంది కదా షాపుకి ఆర్డర్ ఎందుకు చేరలేదో? షాపు సర్వర్ సరిగ్గానే ఉండొచ్చు. ఆర్డర్ పంపిన ఆఫీసు సర్వర్, లేదా మధ్యలో వైరస్ స్కాన్ చేసే గేట్‌వే, ఆ ఒక్క మాట నేర్చుకోలేదు. దారిలో పది సర్వర్లుంటే తొమ్మిది సరే అన్నా ఒక్కటి కాదంటే చాలు.

ఎవరు నేర్చుకున్నారు?

జీమెయిల్ 2014 ఆగస్టులో ఇలాంటి చిరునామాలకి పంపడం, వాటి నుంచి అందుకోవడం మొదలుపెట్టింది. వ్యాపార సర్వర్లలో ఎక్కువగా వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ పోస్ట్‌ఫిక్స్‌కి 2015లో వచ్చిన 3.0 వెర్షన్‌లో చేరింది. ఆ కోడ్ రాసింది ఆర్న్ట్ గుల్‌బ్రాండ్‌సెన్, స్పాన్సర్ చేసింది చైనా డొమైన్ రిజిస్ట్రీ సీఎన్‌ఎన్‌ఐసీ. ఇది గమనించండి. చైనావాళ్లు తమ అక్షరాల కోసం డబ్బు పెట్టారు, ఆ కోడ్ తెలుగుకీ పనిచేస్తుంది. మైక్రోసాఫ్ట్ 2018 ఫిబ్రవరిలో, మాతృభాషా దినోత్సవం సమయంలో, పదిహేను భారతీయ భాషల చిరునామాలకి సపోర్ట్ ప్రకటించింది.

మన గడ్డ మీద కూడా ఈ మాటలు నడిచాయి. 2008 డిసెంబర్ 3 నుంచి 6 దాకా ఐక్యరాజ్యసమితి ఇంటర్నెట్ గవర్నెన్స్ ఫోరం హైదరాబాద్‌లో జరిగింది, "అందరికీ ఇంటర్నెట్" అనే థీమ్‌తో. అందులో బహుభాషల ఇంటర్నెట్ ఒక చర్చాంశం. 2016 నవంబర్ 3 నుంచి 9 దాకా డొమైన్ పేర్లని చూసుకునే ఐకాన్ తన 57వ సమావేశం హైదరాబాద్‌లోనే పెట్టింది. అంటే ప్రపంచంలో ఈ గేటు తాళాలున్న వాళ్లు రెండుసార్లు మనకి నూటయాభై కిలోమీటర్ల దూరంలోకి వచ్చి కూర్చున్నారు. అయినా మన వీధిలో ఒక్క షాపు బోర్డు మీద తెలుగు ఈమెయిల్ కనిపించదు.

భయాలు కూడా నిజమే

దీనికి సోమరితనం ఒక్కటే కారణం కాదు. అడ్మిన్లకి న్యాయమైన భయాలున్నాయి.

మొదటిది, తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్లు. ర, ల, బ, జ లాంటి అక్షరాలు రెంటిలో దాదాపు ఒకేలా ఉంటాయి. కంప్యూటర్‌కి మాత్రం అవి వేరు కోడ్లు. ఒక మోసగాడు మీ సప్లయర్ పేరుని కన్నడ అక్షరాలతో పెట్టి "బ్యాంకు ఖాతా మారింది, డబ్బు ఇక్కడ వేయండి" అని మెయిల్ పెడితే, కంటికి తేడా తెలియదు. అందుకే డొమైన్ల నియమాలు రాసినప్పుడు తెలుగు, కన్నడలో ఒకేలా కనిపించే పేర్లని జంటలుగా చూడాలని పెట్టారు, ఒకరికి ఇస్తే రెండోది ఇంకొకరికి ఇవ్వకుండా. జీమెయిల్ కూడా అనుమానాస్పదంగా లిపులు కలిపిన మెయిల్స్‌ని ఆపుతుంది.

రెండోది ఇంకా సున్నితం. "రైతు" అని రాయండి. అందులో "ర"కి ఐత్వం ఒకే కోడ్‌తో పెట్టొచ్చు. లేదా ఎత్వం ఒక కోడ్, కింద గుర్తు ఇంకో కోడ్, రెండూ కలిపి పెట్టొచ్చు. స్క్రీన్ మీద రెండూ "రైతు"నే. సర్వర్‌కి రెండు వేరు మనుషులు. అందుకే ఈ రకం సర్వర్‌లో అకౌంట్ తెరిచేటప్పుడు పేరుని ముందు ఒకే రూపంలోకి తెచ్చి దాచుకోవాలి. ఆ పని చేయని చోట "అడ్రస్ కరెక్టే ఉంది, మెయిల్ మాత్రం రావట్లేదు" అనే కంప్లయింట్‌తో అడ్మిన్ జుట్టు పీక్కుంటాడు.

మూడోది, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో పొల్లు విడిగా కనిపించడానికి మధ్యలో ఒక కనపడని అక్షరం ఉంటుంది. అది చిరునామాలో దూరితే అదే గొడవ. కాబట్టి చిరునామాకి అలాంటి మాటలు వద్దనుకోవడమే మేలు.

మన చేతిలో ఉన్నది

ఇంత చెప్పాక నా మాట ఒకటే. మూడుసార్లు తెలుగు గేటు దగ్గర ఆగింది. మొదటిసారి ఆర్‌టీఎస్‌తో దాటాం, రెండోసారి మైమ్‌తో, యూనికోడ్‌తో దాటాం. ఆ రెండుసార్లూ సర్వర్ని అడగకుండా పక్క నుంచి పోయే దారి ఉంది. మూడోసారి అలాంటి దారి లేదు. ప్రతి సర్వర్ సరే అనాలి. అంటే ఈసారి కవులూ ఫాంట్లు చేసేవాళ్లూ ఏమీ చేయలేరు, సర్వర్ చూసుకునేవాళ్లే చేయాలి. అలాంటి ఉద్యోగాల్లో తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో నేను ప్రత్యేకంగా చెప్పాలా?

కాబట్టి, మీరు ఏ చిన్న కంపెనీ మెయిల్ చూసుకున్నా మూడు పనులు చేయండి. ఒకటి, మీ సర్వర్‌కి కనెక్ట్ అయ్యి "ఈహలో" కొట్టండి, జాబితాలో ఎస్‌ఎంటీపీ-యూటీఎఫ్8 ఉందో లేదో చూడండి. పోస్ట్‌ఫిక్స్ 3.0 తర్వాతిదైతే ఒక్క సెట్టింగ్, కాకపోతే దాని ముందూ వెనకా ఉన్న ఫిల్టర్లు, మెయిల్‌బాక్స్ సాఫ్ట్‌వేర్ కూడా ఒప్పుకుంటాయో చూసుకోవాలి. రెండు, ఎవరికైనా తెలుగు చిరునామా ఇస్తే, అదే మెయిల్‌బాక్స్‌కి ఒక ఇంగ్లీషు చిరునామా కూడా జత చేయండి. వ్యాపారం ఆగకూడదు, ఆర్డర్ పోకూడదు. మూడు, మీరు వెబ్‌సైట్లు చేస్తే, ఈమెయిల్ సరైనదా కాదా అని చెక్ చేసే ఆ ఒక్క లైన్ కోడ్ చూడండి. ఎక్కడినుంచో కాపీ చేసుకుని వాడే ఆ లైన్‌లో చాలావరకు ఇంగ్లీషు అక్షరాలకే చోటు ఉంటుంది. సర్వర్ దాకా వెళ్లకముందే "దయచేసి సరైన ఈమెయిల్ ఇవ్వండి" అని ఎర్ర అక్షరాల్లో చెప్పేది అదే.

వాట్సాప్ ఉండగా ఈమెయిల్ ఎవరు చూస్తారు అంటారా? ఆర్డర్లకి, బిల్లులకి, టెండర్లకి, ఉద్యోగాలకి ఇంకా ఈమెయిలే. ఇంగ్లీషు చదవలేని ఒక నేత పనివాడు తన చిరునామా తానే చదువుకోలేకపోతే, ఆ అకౌంట్ పేరుకే ఆయనది, నడిపేది ఇంకొకరు. ఇంగ్లీషు వచ్చిన మధ్యవర్తి చేతిలో ఆయన ఆర్డర్లు, ఆయన పాస్‌వర్డ్.

మీ ఆఫీసు సర్వర్‌కి "ఈహలో" కొట్టి చూసి, ఆ మాట వచ్చిందో లేదో కామెంట్‌లో రాయండి. కంపెనీ పేరు వద్దు, ఉంది లేదా లేదు అంటే చాలు. పర్మిషన్ ఉన్న సర్వర్ మీదే చేయండి, సరేనా? వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.